అంగిట్లో నల్లమచ్చ

2021 మే 17, సోమవారం పొద్దున. గడప దగ్గర కూర్చుని చాయ్ తాగుతున్నాను. ఎదురుగా ఆడుకుంటున్న మా చిన్నది ఆగి, "నాన్నా, చాయ్ కారుతున్నది" అంది. కిందికి చూసుకుంటే బనీను తడిసి ఉంది. కుడివైపు పెదవి మీంచి గడ్డం మీదికి, అక్కడి నుంచి బనీను మీదికి కారుతోంది. పొగలు కక్కుతున్న చాయ్. నాకు వేడీ తెలియలేదు, తడీ తెలియలేదు. చేత్తో తడిమి చూసుకున్నాను. వేలికి చెంప తగులుతోంది గానీ, చెంపకు వేలు తగలడం లేదు. పన్ను పీకే ముందు మత్తు సూది వేస్తే ఎలా ఉంటుందో అలా, ముక్కు పక్క నుంచి పైపెదవి దాకా మొద్దుబారిపోయింది.

ఆ రోజు చిన్నది ఆ మాట అనకపోతే నేను ఇంకో మూడు నాలుగు రోజులు అలాగే గడిపేవాణ్ని. ఆ మూడు నాలుగు రోజుల విలువ ఎంతో తర్వాత వార్డులో పక్క మంచాల మీద చూశాను. అందుకే ఇది రాస్తున్నాను. నాకు వచ్చిన జబ్బు మ్యూకార్‌మైకోసిస్. జనం నోట్లో దాని పేరు బ్లాక్ ఫంగస్.

నేను ఆర్టీసీ కండక్టర్ని, సూర్యాపేట డిపో. అప్పటికి నాకు 44 ఏళ్లు. ఏప్రిల్ మూడో వారం దాకా హైదరాబాద్ సర్వీసులోనే డ్యూటీ చేశాను. నకిరేకల్, నార్కట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పల్, ఎల్.బి.నగర్, దిల్‌సుఖ్‌నగర్, ఎంజీబీఎస్. మాస్కు కింద చెమట, చేతిలో టికెట్లు కొట్టే టిమ్ మిషన్, జేబులో శానిటైజర్ సీసా. ఆ వారంలోనే జ్వరం వచ్చింది, టెస్టులో పాజిటివ్ అని తేలింది. ఆ రోజుల్లో ఎవరు ఫోన్ చేసినా మొదట అడిగేది సీటీ స్కోరు ఎంత అనే, ఊపిరితిత్తుల్లో జబ్బు ఎంత పాకిందో స్కాన్ చూసి వేసే లెక్క అది. నాది 25కి 12. ఊళ్లోనే ఒక నర్సింగ్ హోంలో ఆరు రోజులు ఉన్నాను. అందులో మూడు రోజులు ఆక్సిజన్ పెట్టారు. స్టెరాయిడ్ ఇంజెక్షన్లు చేశారు. ఇంటికి పంపేటప్పుడు ఏడు రోజులకు స్టెరాయిడ్ మాత్రలు రాసిచ్చారు.

ఏడు రోజులయ్యాక కూడా దగ్గు పోలేదు. మెట్లెక్కితే ఆయాసం. మళ్లీ ఆస్పత్రికి పోవాలంటే భయం, పోయినా మంచం దొరకదన్న భయం. మాకు తెలిసిన ఆర్‌ఎంపీ ఒకాయనకు చీటీ ఫోటో పంపిస్తే, "అవే మాత్రలు ఇంకో పది రోజులు వాడు, ఊపిరితిత్తులు గట్టిపడతయి" అన్నాడు. వాడాను. నిజం చెప్పాలంటే ఆ మాత్రలు వేసుకుంటే ఒంట్లో హాయిగా ఉండేది. ఆకలి విపరీతంగా వేసేది. కోలుకుంటున్నాననుకుని ఇంట్లో అడిగినప్పుడల్లా పెట్టారు. పళ్లరసాలు, ఖర్జూరాలు, గుడ్లు, బెల్లం వేసిన పాలు. రాత్రి నాలుగైదుసార్లు బాత్‌రూమ్‌కు లేచేవాణ్ని. నీళ్లు ఎక్కువ తాగుతున్నాను కదా అనుకున్నాను.

మా నాయనకు షుగర్ ఉండేది. నాకు ఉందో లేదో నేనెప్పుడూ చూపించుకోలేదు. నర్సింగ్ హోంలో చేరిన రోజు ఒక్కసారి చూసి 190 అన్నారు, జ్వరంలో పెరుగుతుందన్నారు. ఆ తర్వాత స్టెరాయిడ్ వాడిన 20 రోజులకు పైగా ఒక్కరోజు కూడా ఎవరూ చూడలేదు. నేనూ అడగలేదు. వేలి మీద సూది పొడిస్తే తెలిసిపోయే సంగతి అది. ఎవరినో తిట్టాలని ఈ మాట రాయడం లేదు. ఆ రోజుల్లో డాక్టర్లు కూడా నిద్రలేక తూలుతున్నారు. కానీ జరిగింది జరిగినట్టు చెప్పకపోతే ఇంకొకరికి ఉపయోగం ఉండదు.

చాయ్ కారడానికి నాలుగు రోజుల ముందు నుంచే కుడి కణత దగ్గర నొప్పి ఉంది. ముక్కు కుడివైపు దిబ్బడ. చీదితే గోధుమరంగు చీమిడి, అందులో నెత్తుటి జీర. ఆవిరి పట్టీ పట్టీ ముక్కు ఎండిపోయిందని సరిపెట్టుకున్నాం. పైవరస దవడపళ్లు రెండు కదులుతున్నట్టుండేవి. ఇవన్నీ ఒకే తాడుకు కట్టిన ముడులని అప్పుడు తెలియలేదు. పంటి నొప్పి వేరు, తలనొప్పి వేరు, ముక్కు వేరు అనుకున్నాం.

మే 19న పొద్దున ఆరు నుంచి పది దాకా లాక్‌డౌన్ సడలింపు ఉన్న టైములో, పన్ను కదులుతోందని పళ్ల డాక్టరు దగ్గరికి పోయాను. ఆ మేడమ్ నోరు తెరవమని లైటు వేసి చూసింది. చాలాసేపు ఏమీ అనలేదు. అద్దం ఒకటి నా చేతికిచ్చి, ఇంకో అద్దం నోట్లో పెట్టి చూపించింది. అంగిట్లో కుడిపక్కన, దవడపళ్ల లోపలి వైపు, రూపాయి బిళ్లలో సగమంత నల్లమచ్చ. దాని చుట్టూ తెల్లగా పాలిపోయిన అంచు. మేడమ్ చిన్న పరికరంతో దాన్ని తాకింది. "నొప్పి ఉందా?" అని అడిగింది. లేదన్నాను. నొప్పి లేదనగానే ఆమె ముఖం మారిపోయింది. "పళ్ల కోసం కాదు, మీరు ఇప్పుడే హైదరాబాద్ వెళ్లండి. రేపు కాదు. కోఠి ఈఎన్‌టీకి వెళ్లండి" అంది. ఫీజు తీసుకోలేదు. తను చూసిందంతా ఒక కాగితం మీద రాసి, కింద రెండు గీతలు గీసి ఇచ్చింది.

మేం మర్నాడు తెల్లవారుజామున బయల్దేరాం. ఆ రోజే, మే 20న, తెలంగాణ ప్రభుత్వం బ్లాక్ ఫంగస్‌ను తప్పనిసరిగా రిపోర్టు చేయాల్సిన జబ్బుగా ప్రకటించింది. కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రిని ఈ జబ్బుకు నోడల్ కేంద్రం చేశారు. బావమరిది కారు నడిపాడు. నేను వేలసార్లు తిరిగిన రోడ్డు అది. చౌటుప్పల్ దాటాక మా ఆవిడ నా ముఖం వైపు చూసి, "కన్ను మూసుకపోతున్నది, తెరువు" అంది. నేను తెరిచే ఉంచాననుకుంటున్నాను. కుడి రెప్ప సగం వాలిపోయింది.

ఆస్పత్రిలో ముక్కులోకి సన్నటి దుర్బిన్ పెట్టి చూశారు. లోపలి నుంచి చిన్న ముక్క తీసి ల్యాబ్‌కు పంపారు. దాని మీద కేఓహెచ్ అనే మందు చుక్క వేసి మైక్రోస్కోప్ కింద చూస్తారట. సాయంత్రానికల్లా పాజిటివ్ అని చెప్పారు. ఎంఆర్‌ఐ తీశారు. కుడి దవడ ఎముక లోపలి సైనస్ అంతా, కంటిగుంత కింది గోడ దాకా పాకింది, కంట్లోకి ఇంకా దిగలేదు, మెదడు వైపు పోలేదు. ఆ రోజు నా షుగర్ 486. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 10.8. అంటే షుగర్ నాకు కోవిడ్‌తో వచ్చింది కాదు. ఎప్పటి నుంచో ఉంది. స్టెరాయిడ్ దాన్ని మంటలా లేపింది.

జబ్బు ఏమిటో నాకు అర్థమయ్యేలా చెప్పింది ఒక పీజీ డాక్టరు, పాతికేళ్ల అమ్మాయి. రాత్రి రెండింటికి రౌండుకు వచ్చి, నేను నిద్రపోలేదని చూసి మంచం పక్కన నిలబడి చెప్పింది. ఈ బూజు రేణువులు గాలిలో, మట్టిలో, కుళ్లిన ఆకుల్లో ఎప్పుడూ ఉంటాయి. అందరం పీలుస్తూనే ఉంటాం. ఒంట్లో శక్తి బాగుంటే లోపలే చచ్చిపోతాయి. షుగర్ బాగా పెరిగి, పైనుంచి స్టెరాయిడ్ రోగనిరోధక శక్తిని తగ్గిస్తే ముక్కులో మొలకెత్తుతాయి. మొలకెత్తాక నేరుగా రక్తనాళాల్లోకి దూరి వాటిని మూసేస్తాయి. రక్తం అందని కండ, ఎముక చచ్చి నల్లబడతాయి. "ఫంగస్ నల్లగా ఉండదు సార్, చచ్చిపోయిన మీ కండ నల్లగా ఉంటుంది" అంది. మందు ఒక్కటే ఇస్తే చాలదా, కోయడం ఎందుకని అడిగాను. "రక్తం పోని చోటికి మందు ఎట్లా పోతుంది సార్?" అంది. ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టడానికి ఆ ఒక్క మాట చాలింది.

స్టెరాయిడ్ విషమా అని కూడా అడిగాను. కాదంది. ఆక్సిజన్ అవసరమైన కోవిడ్ రోగులకు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ రోజుకు 6 మిల్లీగ్రాములు, పది రోజులకు మించకుండా ఇస్తే చావులు తగ్గుతాయని 2020లోనే బ్రిటన్‌లో పెద్ద పరీక్షలో తేలింది. ఆక్సిజన్ అక్కర్లేని వాళ్లకు దానివల్ల మేలు కనిపించలేదు. నాకు మొదటి వారం అది అవసరమైన మందే. తర్వాత రెండు వారాలు కాదు. నేను ఇప్పటికీ ఆ తేడాను పట్టుకుని ఉంటాను. నాతో మాట్లాడేవాళ్లలో సగం మంది స్టెరాయిడ్ పేరెత్తితేనే శాపాలు పెడతారు. అది న్యాయం కాదు.

మే 22న మొదటి ఆపరేషన్. ముక్కులోంచి దుర్బిన్‌తో చచ్చిన కండ అంతా తీసేశారు. వారం తర్వాత మళ్లీ చూస్తే అంగిలి ఎముకలో ఇంకా మిగిలింది. మే 30న రెండోసారి. ఈసారి కుడివైపు పైదవడ కింది భాగం, అంగిట్లో సగం, ఏడు పళ్లు పోయాయి. నెత్తురు కారేదాకా చెక్కుతూ పోతారట. నెత్తురు వచ్చిందంటే అక్కడ ప్రాణం ఉందని అర్థం. కన్ను మిగిలింది.

ఆపరేషన్ కంటే నాకు కష్టమైంది యాంఫోటెరిసిన్, ఫంగస్‌ను చంపడానికి నరంలోకి ఎక్కించే మందు. వార్డులో అందరం "యాంఫో" అనేవాళ్లం. పొద్దున లేస్తే ఒకరినొకరు అడిగే మాట, "యాంఫో వచ్చిందా?" అందులో లైపోసోమల్ అనే, ఒంటికి కాస్త పడే రకం కిలో బరువుకు రోజుకు 5 మిల్లీగ్రాముల లెక్క. నేను 62 కిలోలు, ఒక్కో వయల్‌లో, అంటే మందు సీసాలో, 50 మిల్లీగ్రాములు. అంటే నా ఒక్కడికే రోజుకు ఆరు. దేశమంతా ఒక్కసారిగా ఇదే మందు కోసం పరుగెత్తింది. అంతకుముందు ఏడాదంతా కలిపి ఎంత అమ్ముడయ్యేదో గానీ, ఆ మే నెలలో అది ఏ మందుల షాపులోనూ కంటికి కనిపించలేదు. ప్రైవేటులో చేరిన వాళ్ల బంధువులు చీటీ పట్టుకుని ఊరంతా తిరిగేవాళ్లు. లైపోసోమల్ లేని రోజుల్లో మాకు మామూలు యాంఫో ఎక్కించారు. అది ఎక్కిన గంటకు వణుకు మొదలయ్యేది. జ్వరం వణుకు కాదు, మంచం ఇనుప కడ్డీలు టకటక కొట్టుకునేంత వణుకు. మా ఆవిడ రెండు దుప్పట్లు కప్పి నా కాళ్ల మీద అడ్డంగా పడుకునేది. చేతుల్లో నరాలన్నీ గట్టిపడి, సూది పెట్టడానికి సిస్టర్ పాదం దాకా వెతికేది.

ఆ మందు కిడ్నీలను పట్టుకుంటుంది. రోజు విడిచి రోజు రక్తంలో క్రియాటినిన్, పొటాషియం చూసేవాళ్లు. క్రియాటినిన్ పెరిగితే కిడ్నీలు దెబ్బతింటున్నట్టు. నాకు పొటాషియం 2.8కి పడిపోయి తొడలు పట్టేశాయి, లేచి నిలబడలేకపోయాను. పొటాషియం సిరప్ తాగమనేవాళ్లు. అంగిలి లేని నోటితో తాగితే సగం ముక్కులోంచి వచ్చేది. ఆ ఉప్పు, ఆ మంట ఇప్పటికీ గుర్తే. క్రియాటినిన్ 2.1 దాకా పెరిగితే మూడు రోజులు యాంఫో ఆపారు. ఆ మూడు రోజులూ ఒంటికి సుఖం, మనసుకు టెన్షన్. లోపల అది మళ్లీ పాకుతోందేమోనని అద్దంలో కన్ను చూసుకుంటూ కూర్చునేవాణ్ని.

మా గదిలో ఏడు మంచాలు. అందరిదీ ఒకే జబ్బు. అందరికీ షుగర్. ఏడుగురికీ ఏడు రకాలుగా తేలింది, అది మాత్రం నన్ను వదలడం లేదు.

తలుపు పక్క మంచం మీద మిర్యాలగూడ వైపు నుంచి వచ్చిన ధాన్యం వ్యాపారి, నాకంటే రెండేళ్లు చిన్న. అన్నా అనేవాడు. ముక్కు దిబ్బడ వచ్చిన రెండో రోజే వచ్చాడు. ఒక్క ఆపరేషన్, దుర్బిన్‌తో. పళ్లు పోలేదు, కన్ను పోలేదు. ముఖం చూస్తే జబ్బు పడ్డాడని కూడా తెలియదు. మూడో మంచం అక్క, దేవరకొండ దగ్గర అంగన్‌వాడీ ఆయా. కన్ను వాచి, చూపు మందగించాక వచ్చింది. కంటి వెనక్కి యాంఫో ఇంజెక్షన్లు ఇచ్చి కన్ను నిలబెట్టడానికి చూశారు. గుడ్డు నిలిచింది, చూపు రాలేదు. ఐదో మంచం కుర్రాడు, 29 ఏళ్లు, క్యాబ్ నడిపేవాడు. అతను వచ్చేసరికి కన్ను బయటికి పొడుచుకొచ్చి కదలడమే మానేసింది. కన్ను మొత్తం, గుంతతో సహా తీసేయాల్సి వచ్చింది. బతికాడు. ఇప్పుడు కళ్లజోడుకు అమర్చిన కృత్రిమ కన్నుతో చిన్న కిరాణా కొట్టు నడుపుతున్నాడు.

నా పక్క మంచం పెద్దాయనకు కూడా కన్ను తీయాలన్నారు. ఆయన ఒప్పుకోలేదు. "మనవరాలి పెండ్లి ఉన్నది, ఒంటి కన్నుతో పీటల కాడ కూసుంటనా" అన్నాడు. కొడుకులు బతిమాలారు, డాక్టర్లు మూడుసార్లు కూర్చోబెట్టి చెప్పారు. నాలుగో రోజు ఒప్పుకున్నాడు. ఆ లోపు మెదడు దాకా పోయింది. ఎడమ చెయ్యి, కాలు పడిపోయాయి. ఒక మధ్యాహ్నం ఆయన నన్ను చూసి ఏదో అన్నాడు, నాకు అర్థం కాలేదు. నాకూ మాట రాదు. ఇద్దరం చేతులు ఊపుకున్నాం. ఆ రాత్రే పోయాడు. ఇంకో ఇద్దరి సంగతి రాయలేను, వాళ్ల పిల్లలు చిన్నవాళ్లు.

2021 జూన్ 28 నాటికి దేశంలో 40,845 కేసులు, 3,129 మరణాలు అని కేంద్రం చెప్పింది. రోగుల్లో 64 శాతం మందికి షుగర్ ఉందని కూడా అందులోనే ఉంది. ఆ పేపరు ముక్క మా బావమరిది వార్డుకు తెచ్చి చూపించాడు. ఆ అంకెల్లో పెద్దాయన ఉన్నాడు. బతికినవాళ్ల అంకెలో నేనూ ఉన్నాను, ధాన్యం వ్యాపారీ ఉన్నాడు, కన్ను పోయిన కుర్రాడూ ఉన్నాడు. ముగ్గురిదీ ఒకే గడిలో ఒక్కొక్క అంకె.

ఇంటి దగ్గర ఇంకో రకం కష్టం. ఆ రోజుల్లో వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరిగింది. ఉల్లిగడ్డల మీది నల్లటి పొడి, ఫ్రిజ్ తలుపు రబ్బరుకు పట్టిన నలుపు ఇదే ఫంగస్ అని. మా అత్తమ్మ పాపం బస్తా ఉల్లిగడ్డలు చెరువు గట్టున పారబోయించింది. ఉల్లిగడ్డ మీద ఉండేది వేరే బూజు, దానికీ దీనికీ సంబంధం లేదు. అంతకంటే బాధపెట్టింది, ఇది అంటుకుంటుందన్న భయం. ఇది మనిషి నుంచి మనిషికి అంటదు. అయినా నేను ఇంటికి వచ్చాక రెండు నెలలు మా ఇంటి గ్లాసులో ఎవరూ నీళ్లు తాగలేదు.

జూన్ 20న లాక్‌డౌన్ పూర్తిగా ఎత్తేశారు. కోఠి అంటే సిటీ బస్సుల నడిబొడ్డు. అన్నాళ్లూ కిటికీ బయట ఊరు సగం నిద్రలో ఉన్నట్టుండేది. ఆ సోమవారం పొద్దున హారన్లు, బ్రేకుల చప్పుడు, ఎవరో కండక్టరు అరుపు వినిపించాయి. మా ఆవిడ కిటికీ రెక్క తెరిచింది. నేను బయటికి చూడలేదు, గోడవైపు తిరిగి పడుకున్నాను. ఆ అరుపు నాకు ఇక రాదు కదా అనిపించింది.

జూలై మొదటి వారంలో ఇంటికి పంపారు. ఫంగస్‌కు పోసకొనజోల్ మాత్రలు, రోజుకు మూడు, అన్నం తిన్నాక, మూడు నెలలు. ఇన్సులిన్ రెండు పూటలా. ముక్కును ఉప్పునీళ్లతో రోజుకు నాలుగుసార్లు కడగాలి. లోపల పక్కులు కడతాయి, వాసన వస్తుంది. ఆ వాసన మా ఆవిడ ఒక్కరోజు కూడా ముఖం మీద చూపించలేదు. అన్నం పలచగా జావలా చేసి, తల ఎడమవైపు వంచి, చెంచాతో. ఒక్క మెతుకు దారి తప్పినా ముక్కులోకి పోయేది.

మాట గురించి కొంచెం ఎక్కువ రాస్తాను. అంగిలి లేకపోతే నోట్లో గాలి నిలవదు, ముక్కులోకి పోతుంది. ప, బ, ట, డ, క, గ పలకాలంటే గాలిని ఒక్క క్షణం ఆపి వదలాలి. అది ఆగదు. "బాబు" అంటే "మాము" అని వచ్చేది. "డబ్బా" అంటే "నమ్మా". "బస్సు" అనే మాట నా నోట్లోంచి పోయింది. ముక్కుతో పలికే అక్షరాలు మాత్రం చెక్కుచెదరలేదు. ఇది కనిపెట్టింది మా చిన్నది. అప్పుడు దానికి ఏడేళ్లు, బడులు లేవు. నా పక్కన కూర్చుని ఒక్కొక్క మాట చెప్పి నన్ను అనమనేది. "అమ్మ" వచ్చింది. "నాన్న" వచ్చింది. "నేను", "మనం", "మేనమామ", "నూనె", "నిన్న" వచ్చాయి. రాసుకునే నోట్‌బుక్కులో మధ్యలో గీత గీసి, వచ్చే మాటలు ఒక పక్క, రాని మాటలు ఇంకో పక్క రాసింది. అక్షరాలు వంకరటింకర. వచ్చే పక్క పదకొండు మాటలు. రాని పక్క పేజీ నిండిపోయి వెనక పేజీకి పోయింది. ఇంట్లో ఎవరికీ నా మాట అర్థం కాకపోతే దాన్నే పిలిచేవాళ్లు. "నాన్న పప్పు వద్దంటున్నడు, పెరుగు కావాలంటున్నడు" అని చెప్పేది. ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు.

ఆగస్టులో అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్యశాలలో నాకు ప్లేటు చేశారు. ఆబ్ట్యురేటర్ అంటారు. గులాబీరంగు ప్లాస్టిక్ పలక, కట్టుడుపళ్ల లాంటిదే, పైన ఖాళీలోకి దూరే ఉబ్బు ఉంటుంది. మిగిలిన పళ్లకు తీగ కొక్కేలతో పట్టుకుంటుంది. డాక్టరు గారు దాన్ని అమర్చి నీళ్లు తాగమన్నారు. ముక్కులోంచి రాలేదు. "ఏదైనా మాట్లాడండి" అన్నారు. ఏం మాట్లాడాలో తోచలేదు. "బస్సు" అన్నాను. బస్సు అనే వచ్చింది. మా ఆవిడ అక్కడే కుర్చీలో కూర్చుని పమిట నోటికి అడ్డం పెట్టుకుంది.

పుండు మానుతుంటే ఖాళీ ఆకారం మారుతుంది, ప్లేటు వదులవుతుంది. నాలుగుసార్లు సరిచేశారు. 2022 జనవరిలో అసలైనది పళ్లతో సహా ఇచ్చారు. ఫిబ్రవరిలో డ్యూటీలో చేరాను. మొదట డిపోలోనే కూర్చునే పని ఇచ్చారు, ఆరు నెలల తర్వాత పల్లెవెలుగు లైన్ మీదికి వెళ్లాను. 2023 డిసెంబర్‌లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చాక బస్సు కిక్కిరిసిపోతోంది. అందరికీ జీరో టికెట్లు కొట్టాలి, ఎక్కడికని అరిచి అడగాలి. గట్టిగా అరిస్తే ప్లేటు కదులుతుంది. బొటనవేలితో పైకి నొక్కుకుని మళ్లీ అరుస్తాను. తెలిసిన ప్యాసింజర్లు నేను అడగకముందే ఊరి పేరు చెప్పేస్తారు.

ఎముకలో ఇది నెలల తర్వాత కూడా తిరగబెట్టగలదు. మా ధాన్యం వ్యాపారికి తిరగబెట్టింది, అందరికంటే బాగా తేలిన మనిషికి. 2021 డిసెంబర్‌లో చెంప వాచింది, దవడ ఎముకలో చీము. మళ్లీ ఆపరేషన్, మళ్లీ మందు. ఇప్పుడు బాగున్నాడు. షుగర్ తగ్గగానే ఇన్సులిన్ మానేశానని అతనే ఒప్పుకున్నాడు. నాకు మొదటి ఏడాది మూడు నెలలకోసారి దుర్బిన్, ఆరు నెలలకోసారి ఎంఆర్‌ఐ తీశారు. ఇప్పుడు ఏడాదికోసారి. కుడి చెంప ఇప్పటికీ మొద్దుగానే ఉంది. గడ్డం గీసుకుంటే తెగింది అద్దంలో చూస్తేనే తెలుస్తుంది. హెచ్‌బీఏ1సీ 6.9. డిపోలో నాతో పనిచేసేవాళ్లకు నేనే గ్లూకోమీటర్‌తో చూస్తాను. ఇప్పటికి పదకొండు మందికి ఎక్కువగా ఉందని తెలిసింది. అందులో ఇద్దరికి 300 పైన.

ఆ నోట్‌బుక్ పేజీని మా చిన్నది చింపి నాకు ఇచ్చింది. టికెట్ బ్యాగులో ప్లాస్టిక్ కవరులో ఉంది. రాని మాటల పక్కన, వచ్చినప్పుడల్లా ఒక టిక్కు పెడుతూ వచ్చింది. బస్సు, టికెట్, పప్పు, డబ్బులు, సూర్యాపేట, కోఠి అన్నింటికీ టిక్కులు పడ్డాయి. ఇప్పుడది ఆరో తరగతి దాటింది, నేను చెప్పేదాకా పేజీ అడగదు. కానీ ఆదివారం పొద్దున చాయ్ దగ్గర ఒక్కోసారి, "నాన్నా, చౌటుప్పల్ అను" అంటుంది. అంటాను. ఆ "ప్ప" దగ్గర ప్లేటు పక్కనుంచి గాలి సన్నగా పోతుంది. అది తల అడ్డంగా ఊపుతుంది. దానికి ఇంకా టిక్కు పడలేదు.